నీల్ దీవిలో పూర్తి చేసిన కొట్లాట

నిజాంపేట: ఇరవై నిమిషాల టీ

అండమాన్ వెళ్ళొచ్చామని చెప్పగానే అందరూ ముందు అడిగేది ఫోటోలు. ఉన్నాయి. నీలం నీళ్ళు, తెల్లటి ఇసుక, ఎండకి ముక్కు కాలి ఎర్రబడ్డ నేను. అక్కడ ఎవరు తీసినా ఫోటోలు అలాగే వస్తాయి, అందులో మా గొప్పేమీ లేదు. మేం అంతదూరం వెళ్ళి నిజంగా చూసింది ఏమిటో ఫోటోల్లో లేదు కాబట్టి ఇది రాస్తున్నాను.

మాది నిజాంపేటలో మూడో అంతస్తు ఫ్లాటు. నేను పొద్దున్నే హైటెక్ సిటీకి వెళ్ళి సాయంత్రం ఐదున్నరకి ఇంటికొస్తాను. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నా ఉద్యోగం, అంటే వేరేవాళ్ళు చేసిన తప్పులు వెతకడం. ఇంటికొచ్చాక కూడా అదే పని చేస్తానని మా ఆయన వంశీ అంటాడు. అతనిది గచ్చిబౌలిలో అమెరికా షిఫ్టు. సాయంత్రం ఆరింటికి కంపెనీ క్యాబు వచ్చి కింద మూడుసార్లు హారన్ కొడుతుంది. నేను వచ్చే వేళకీ క్యాబు వచ్చే వేళకీ మధ్య, లిఫ్టుకీ అతను తయారవడానికీ పోను, ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాలు టీ తాగుతాం. మా కాపురం అదే, నాలుగేళ్ళుగా. శనివారం అతను మందపాటి పరదాలు దించుకుని నిద్రపోతాడు, ఆదివారం బాచుపల్లిలో మా అమ్మ వాళ్ళింట్లో చుట్టాల మధ్య ఉంటాం.

మిగతా మాటలన్నీ ఫోన్‌లో మెసేజీలే. గ్యాస్ బుక్ చేశా. పాలు రెండు తీసుకో. పనమ్మాయి రేపు రాదట. ఇంట్లో పోట్లాడుకోవడానికి కూడా తీరిక లేదు. మేం మొదలుపెట్టిన ప్రతి కొట్లాటా ఆ మూడు హారన్లకి ఆగిపోయేది. మర్నాటికి ఇద్దరికీ కోపం చల్లారిపోయేది. మంచిదే కదా అనుకునేదాన్ని. అవన్నీ లోపల పేరుకుంటున్నాయని తెలియడానికి సముద్రం దాటాల్సి వచ్చింది.

మార్చిలో వంశీకి వాళ్ళ ఆఫీసులోనే వేరే టీములో పగటి ఉద్యోగం ఇస్తామన్నారు. జీతం కొంత తగ్గుతుంది. ఏ సంగతో ఏప్రిల్‌లో మేం ప్రయాణం నుంచి తిరిగొచ్చిన సోమవారానికి చెప్పాలి. నేనైతే అడిగిన రోజే సరే అంటాడనుకున్నాను. అతను "చూద్దాం" అన్నాడు. రెండు వారాలు "చూద్దాం" అంటూనే ఉన్నాడు. చివరికి ఒక ఒప్పందం చేసుకున్నాం. ప్రయాణం ఆరు రోజుల్లోనూ నేను ఆ ఉద్యోగం ఊసెత్తకూడదు, అతను లాప్‌టాప్ తేకూడదు.

పోర్ట్ బ్లెయిర్: తొందరపడే సూర్యుడు

పోర్ట్ బ్లెయిర్‌ని ఇప్పుడు శ్రీ విజయపురం అంటున్నారు కానీ ఆటోవాళ్ళు ఇంకా పాత పేరే వాడుతున్నారు. బజార్లో నడుస్తుంటే చెవిన పడేది బెంగాలీ, తమిళం, హిందీ, మధ్యలో హఠాత్తుగా మన తెలుగు. శ్రీకాకుళం వైపు నుంచి చేపల పని మీద వచ్చి స్థిరపడ్డవాళ్ళు చాలామంది ఉన్నారట. ఆ సంగతి విని సంతోషించి మరిచిపోయాం. గుర్తుపెట్టుకుని ఉంటే బాగుండేది.

అక్కడి గడియారం మన గడియారమే. సూర్యుడు మాత్రం దాన్ని లెక్కచెయ్యడు. పొద్దున ఐదింటికే తెల్లగా తెల్లారిపోతుంది, సాయంత్రం ఐదున్నరకి పొద్దుగుంకుతుంది. మొదటి రోజు సాయంత్రం ఆరింటికి నేను హోటల్ బాల్కనీలో టీ పట్టుకుని కూర్చుంటే వంశీ లేచి చెప్పులు వేసుకున్నాడు. "ఎక్కడికి?" అంటే తెల్లబోయి చూసి, మళ్ళీ విప్పేశాడు.

హావ్‌లాక్: పదింటికే అయిపోయిన మాటలు

హావ్‌లాక్‌కి ఓడలో వెళ్ళాం. ఓడలో అందరికీ కళ్ళు తిరుగుతున్నాయి, నాకు ఆకలేసింది. మా అమ్మ కట్టిచ్చిన సకినాలు తీసి పక్కసీటు ముసలాయనకి రెండు ఇచ్చాను. గుజరాత్ ఆయన. ఒకటి కొరికి, పన్ను తడుముకుని, రెండోది రుమాల్లో చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

రాధానగర్ తీరం అందం గురించి చాలామంది చెప్పే ఉంటారు. అది నిజమే. పెద్ద పెద్ద చెట్లు ఇసుక దాకా దిగివచ్చి నీడనిస్తాయి. ఆ నీడలో దుప్పటి పరుచుకుని మేం పొద్దున ఆరింటికే కూర్చున్నాం. మాట్లాడుకున్నాం. మా అమ్మ మోకాళ్ళ నొప్పి, కోనసీమలో వంశీ వాళ్ళ అన్నయ్య మొదలుపెట్టిన రొయ్యల చెరువు, లింగంపల్లిలో ఫ్లాటు చూద్దామా వద్దా, లిఫ్టు ఎన్నిసార్లు పాడైంది, అన్నీ అయ్యాయి. ఎనిమిదింటికి కొబ్బరిబొండాలు తాగాం. అరవై రూపాయలు, నిజాంపేట కంటే పది తక్కువ, నీళ్ళు రెట్టింపు. ఆ సంగతీ మాట్లాడాం. పదింటికి మాటలు అయిపోయాయి.

అంటే నిజంగానే అయిపోయాయి. నేను సముద్రం చూశాను. అతను సముద్రం చూశాడు. "బావుంది కదా" అన్నాడు. "బాగుంది" అన్నాను. ఇంకాసేపటికి మళ్ళీ "బావుంది" అన్నాడు. ఆ తర్వాత అలవాటైన వేళ కాబట్టి నిద్రపోయాడు. పరదా లేకుండా, పట్టపగలు, నోరు తెరుచుకుని. మొహం మీద ఎండ పడకుండా నేను టోపీ పెట్టాను.

పక్కన కూర్చుని భయపడ్డాను. దాచుకోకుండా చెప్తున్నాను. ఇతను పగటి ఉద్యోగానికి మారి రోజూ సాయంత్రం ఇంట్లో ఉంటే మేం ఏం మాట్లాడుకుంటాం? నాలుగేళ్ళుగా నేను మొరపెట్టుకుంటున్నది ఇలా ఎదురెదురుగా కూర్చుని సముద్రం బాగుందనుకోవడానికా? మర్నాడు కూడా అంతే. నీల్ ఓడ ఎక్కే ముందు, తొమ్మిదింటికే అయిపోయాయి.

నీల్: తాళం బండికే ఉంచండి

బుధవారం నీల్ దీవిలో దిగాం. దీనికీ షహీద్ ద్వీప్ అని కొత్త పేరుంది. చిన్న దీవి, వరి పొలాలు, అరటితోటలు, సైకిల్ మీద ఒక పూటలో చుట్టి రావచ్చు. మేం దిగిన ఇంటామె శెఫాలీ దీదీ. బెంగాలీ మనిషి, మాతో హిందీలో మాట్లాడేది. స్కూటరు కిరాయికి ఇచ్చి, తాళం బండికే ఉంచేయమంది. ఎవరైనా ఎత్తుకెళ్తేనో అంటే, ఎత్తుకెళ్ళి ఎక్కడ పెట్టుకుంటారు, చుట్టూ నీళ్ళేగా అంది. మా అపార్ట్‌మెంట్లో హెల్మెట్ బండి మీద వదిలితే సాయంత్రానికి ఉండదు.

నా హైదరాబాదీ హిందీ ఆమెకి తెగ నచ్చింది. వంశీ హిందీ సంగతి వేరు. ఏం చెప్పినా "అచ్ఛా" అంటాడు. ఆ రాత్రి భోజనంలో ఆమె చేపముక్క వేస్తూ ఇంకోటి వెయ్యనా అన్నప్పుడల్లా అచ్ఛా అనబట్టి ఐదు ముక్కలు తినాల్సి వచ్చింది. ఆవపిండి ముద్దతో వండిన చేప. చింతపండు పులుసు లేనిది చేపల కూరే కాదని నాతో తెలుగులో గొణిగాడు, ఐదూ తిన్నాడు.

మర్నాడు చూడాల్సింది దీదీయే చెప్పింది. లక్ష్మణ్‌పూర్ తీరంలో రాతి వంతెన ఉంది, అలలు తొలిచి చేసింది. సముద్రం వెనక్కి తగ్గినప్పుడే దాని దగ్గరికి నడిచి వెళ్ళగలం. గురువారం ఒంటిగంట నుంచి నాలుగు దాకా నీళ్ళు తగ్గి ఉంటాయి, ఆలస్యం చెయ్యొద్దు, నీళ్ళు మీకోసం ఆగవు అంది. ఆమె ఇంట్లో గోడ గడియారం ఆగిపోయి ఉంది. అయినా ఏ వేళకి నీళ్ళు ఎక్కడుంటాయో ఆమెకి తెలుసు.

జెట్టీ: గురువారం

గురువారం తొమ్మిదింటికి అద్దం అడుగున్న పడవ ఎక్కుదామని జెట్టీకి వెళ్ళాం. దీవి మొత్తంలో మా ఫోన్లకి నెట్‌వర్క్ దొరికింది అక్కడే. వంశీ జేబులో ఫోన్ గుక్క తిప్పుకోకుండా మోగింది. చదివి నెమ్మదిగా కూర్చున్నాడు.

జరిగింది ఇది. ఆ గురువారం ఎక్కడైనా సిస్టమ్ ఆగిపోతే పలకాల్సిన డ్యూటీ అసలు ఇతనిది. బయల్దేరే ముందు దాన్ని ఒక స్నేహితుడికి బదిలీ చేశాడు. ఆ పట్టికలో అమెరికా టైము వెయ్యాలి. ఇతను ఆ రోజు సెలవు హుషారులో మన టైము వేశాడు, పొద్దున తొమ్మిదిన్నర అని. అక్కడ తొమ్మిదిన్నరంటే మనకి సాయంత్రం ఏడు, దాంతో స్నేహితుడి డ్యూటీ అప్పటికి గానీ మొదలవదు. పొద్దున తొమ్మిదిన్నర నుంచి ఏడు దాకా వంశీ పేరే ఉంది. ఆ స్నేహితుడికి ఫోన్ చేస్తే పెళ్ళికని వరంగల్ దారిలో ఉన్నాడు.

"ఉండు, ఇప్పుడే వస్తాను" అని స్కూటర్ మీద వెళ్ళి పది నిమిషాల్లో వచ్చాడు. భుజానికి లాప్‌టాప్ సంచి.

"గిదేంది?" అన్నాను.

"లాప్‌టాప్."

"అది కనబడ్తనే ఉంది. యాడ దాచి తెచ్చినవ్?"

"తువ్వాళ్ళలో. ఎందుకైనా మంచిదని."

"నువ్వు సెలవు పెట్టినవా, ఆఫీసును ఈడికి తోల్కొచ్చినవా?"

"కావాలని చేశానా స్వప్నా? టైము తప్పు వేశాను, అంతే."

"నాలుగేండ్ల సంది అమెరికా టైముల్నే బతుకుతున్నవ్. గా టైమే తప్పేస్తివి."

జెట్టీ మీద రేకుల నీడలో చేపల ట్రే ఒకటి బోర్లించి దాని మీద లాప్‌టాప్ పెట్టాడు. పక్కనే ఒకామె కొబ్బరిబొండాలు అమ్ముతోంది. పడవలవాళ్ళు హిందీలో, బెంగాలీలో కేకలేసుకుంటున్నారు. తెలుగు ఎవరికీ రాదన్న ధైర్యంతో గొంతులు పెంచాం. ఇక వంతెన చూడటం పోయిందన్నాను. నువ్వు వెళ్ళి చూసి రా అన్నాడు. ఒక్కదాన్నే పోయేటందుకు పెండ్లెందుకన్నాను. అతనికీ కోపం వచ్చింది. ప్రతిదానికీ పెళ్ళి దాకా వెళ్తావన్నాడు. నేను మాట పడేదాన్ని కాదు, నాలుగు అన్నాను.

ఒకచోట ఇద్దరం ఆగిపోయాం. వంశీ రోడ్డు వైపు చూశాడు. నేనూ చూశాను. ఒక్క క్షణం తర్వాత అర్థమైంది, మేం హారన్ కోసం చూస్తున్నామని. ఎప్పుడూ సరిగ్గా ఇక్కడికి వచ్చేసరికి క్యాబు వస్తుంది. ఇక్కడి తర్వాత ఏం మాట్లాడాలో మా ఇద్దరికీ తెలియదు. రోడ్డు మీద ఒక మేక తప్ప ఏమీ లేదు.

ఇక మాట్లాడక తప్పలేదు.

"పోయిన వానకాలం నాకు జరమొచ్చినప్పుడు ఆటో ఎక్కి దవాఖానకు ఒక్కదాన్నే పోయిన" అన్నాను. ఈ మాట అతనికి ఎప్పుడూ చెప్పలేదు. "రక్తం తీసేటప్పుడు పక్కపొంటి ఎవలొచ్చిండ్రని అడిగిండ్రు. ఎవల్లేరని చెప్పిన."

"నేను ఇంట్లోనే ఉన్నానుగా. లేపలేదేం?"

"లేపితే రాత్రి డ్యూటీ ఎట్ల చేస్తవ్? పండుకున్నవ్ కదా అని తలుపు మెల్లగ దగ్గరికేసి పోయిన."

 

"నేను ఇంటికొచ్చేసరికి నువ్వు నిద్రలో ఉంటావు" అన్నాడు. "లైటు వేస్తే నీకు మెలకువొస్తుందని వంటింట్లో చీకట్లోనే తింటాను. ఒకసారి పెరుగనుకుని దోసెల పిండి కలుపుకున్నాను. అదే తిని పడుకున్నాను."

నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, ఏది ముందో తెలియలేదు. ఇద్దరం ఒకరినొకరం లేపకుండా నాలుగేళ్ళు గడిపాం. ఒప్పందం అప్పటికే చెడింది కాబట్టి నేను నా మాటా తప్పాను.

"నాకు జవాబు గావాలె. సోమవారం మీ మేనేజర్‌కు చెప్పేది తర్వాత. ముందుగాల నాకు చెప్పు. ఎందుకు వద్దంటున్నవ్?"

"వద్దనలేదు."

"చూద్దామంటే గదే."

"భయమేస్తోంది" అన్నాడు. "రోజూ ఎదురెదురుగా కూర్చుంటే మన మధ్య ఏమీ లేదని తేలిపోతుందేమోనని. ఇప్పుడైతే టైము లేదని సర్దుకుంటున్నాం. టైము ఉండి కూడా మాటలు లేకపోతే? హావ్‌లాక్‌లో చూశావుగా, పదింటికే అయిపోయాయి."

నా భయమే అతని నోట్లోంచి వచ్చింది. "నాకు గూడ గదే భయం" అన్నాను. అనేసి గట్టిగానే ఏడ్చాను. అతను నా చెయ్యి పట్టుకున్నాడు, రెండో చెయ్యి కీబోర్డు మీదే ఉంది.  అప్పటికి పన్నెండైంది. రెండున్నర గంటల కొట్లాట, మా రికార్డు.

"రెండు బొండాలు కొట్టమంటారేటి?" అని వినిపించింది. "గొంతులెండిపోయుంటాయి."

తెలుగు. కొబ్బరిబొండాలామె. నేను తల ఎత్తలేకపోయాను. వంశీ చెవులు ఎర్రబడ్డాయి.

ఆమె పేరు అప్పలనరసమ్మ. శ్రీకాకుళం అవతల సముద్రం ఒడ్డు ఊరు, తాతల కాలంలోనే పోర్ట్ బ్లెయిర్ వచ్చేశారట. పెళ్ళయ్యాక నీల్‌లో ఉంటోంది. మొదటి మాట నుంచీ అంతా విన్నానని దాపరికం లేకుండా చెప్పింది. బొండాలు చెక్కుతూ తన సంగతి చెప్పింది.

"మా ఆయన యేటకెల్తే పది పన్నెండు రోజులు రాడమ్మా. వొడ్డుకొచ్చిన మొదటి రోజు మాకు మాటలుండవు. ఆయన ఆ మూల, నానీ మూల, కొత్తోల్లలాగ. రెండో రోజు తగువు. గిన్నెలెగిరిపోతాయి. మూడో రోజు కాడ్నించి బాగుంటాది. ముప్పయ్యేల్లు అలగే. మొదటి రోజు మాటల్లేవని బెంగెట్టేసుకుంటే ఎలగ?"

"మేం వచ్చి ఐదో రోజండి" అన్నాడు వంశీ.

"అయితే బాబూ, మీరు నెమ్మదస్తులు. తగువుకి ఐదు రోజులెట్టారు."

డబ్బు ఇవ్వబోతే ఒక బొండానికే తీసుకుంది. రెండోది తాను విన్నదానికట.

రెండింటికి నిజంగానే ఏదో ఆగిపోయి ఆఫీసు నుంచి కాల్ వచ్చింది. నెట్‌వర్క్ గాలికి ఊగినట్టు వస్తూ పోతూ ఉంది. నేను జెట్టీ దిమ్మ ఎక్కి ఫోన్ తలపైకి ఎత్తి పట్టుకున్నాను, అతను కింద టైపు చేశాడు. "కొంచెం ఎడమకి" అంటాడు, జరుగుతాను. నలభై నిమిషాలు పట్టింది. నాలుగేళ్ళలో అతను పని చేస్తుంటే నేను చూడటం అదే మొదటిసారి. నిమ్మళంగా చేస్తాడు, పెదవి కొరుక్కుంటూ. ఫోన్‌లో అరుస్తున్న మేనేజర్‌తో కూడా మర్యాదగానే మాట్లాడాడు. నాకు గర్వమేసింది.

అయిపోయింది కదా అని దిగబోతుంటే, "ఇంకో నిమిషం పట్టుకో, ఒక మెయిల్ పోవాలి" అన్నాడు. తెర నా వైపు తిప్పాడు. పగటి టీములోకి రావడానికి తను సిద్ధమని రెండు వాక్యాలు రాశాడు. మెయిల్ పోలేదు. మళ్ళీ నొక్కాడు, పోలేదు. నా చెయ్యి లాగేస్తోంది, దించలేదు. నాలుగోసారి పోయింది.

అప్పటికి మూడైంది. లక్ష్మణ్‌పూర్‌లో నీళ్ళు ఇంకా తగ్గే ఉన్నాయి, కానీ ఏడు దాకా జెట్టీ వదలడానికి లేదు. నేనైనా వెళ్ళి చూసి రమ్మని మళ్ళీ అన్నాడు. ఈసారి కోపం లేకుండా అన్నాడు. నేను వెళ్ళలేదు. పొద్దుగుంకేదాకా అప్పలనరసమ్మతో కూర్చుని కబుర్లు చెప్పుకున్నాం. అమ్మ పంపిన మామిడికాయ తొక్కు సీసా ఆమెకి ఇచ్చేశాను.

తిరుగు దారి

శుక్రవారం పదకొండింటికి మా ఓడ. నీళ్ళు మళ్ళీ తగ్గేసరికి మేం ఉండం. వంతెన చూడలేదని చెప్తే శెఫాలీ దీదీ నొచ్చుకుని, ఆ రాయి ఎక్కడికీ పోదులే, మళ్ళీ రండి అంది. దానికి వంశీ అచ్ఛా అన్నాడు. ఈసారి అర్థమయ్యే అన్నాడు.

విమానాశ్రయంలో నా సంచిలో దొరికిన గవ్వను తీసేసుకున్నారు. దీవి నుంచి గవ్వలు, పగడపు ముక్కలు తీసుకెళ్ళకూడదు. బోర్డు మీద రాసే ఉంది, తప్పులు వెతికే ఉద్యోగంలో ఉండి నేనే చూడలేదు. పక్కన వంశీ మొహం వెలిగిపోయింది.

నిజాంపేట: మంగళవారం

మే నెల మొదటి సోమవారం వంశీ పగటి ఉద్యోగంలో చేరాడు. అంటే నిన్న. సాయంత్రం ఏడింటికి ఇంటికొచ్చాడు. టీ తాగాం. ఇరవై నిమిషాలయ్యాక ఇద్దరం గడియారం చూశాం. టీవీ పెట్టాం, తీసేశాం. "బావుంది కదా" అన్నాడు. "బాగుంది" అన్నాను. తొమ్మిదింటికల్లా పడుకున్నాం, కొత్తవాళ్ళలా, ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు.

ఇవాళ పడగ్గది పరదాల మీద కొట్లాట అయింది. తీసేద్దామని నేను, ఎండ పడుతుందని అతను. అక్కడి నుంచి వాళ్ళ అన్నయ్య దాకా, మా అమ్మ దాకా వెళ్ళింది. ఎనిమిదింటికి ఎవరి కోసమో కింద క్యాబు హారన్ కొట్టినా మేం ఆగలేదు. చివరి దాకా పోట్లాడుకున్నాం. ఇప్పుడు అతను స్టూలెక్కి పరదాలు విప్పుతున్నాడు, నేను ఇది రాస్తున్నాను.

రేపు మూడో రోజు.